హతసాక్షియైన పోలికార్పు
సాధుస్మరణమునకును దైవారాధనమునకును గల భేదము

సాధుపురుషుల చరిత్రములు ఏ దేశమునఁ బుట్టినవైనను, ఏ మతమువారిచే భద్రపఱుపఁబడినవైనను, సత్యస్వరూపుఁడగు పరమేశ్వరుని నమ్మినవారి కందఱకును పూర్వులిచ్చిన ఆస్తివంటివి. రాజా రామమోహనరాయలవారు 1820వ సంవత్సరమున క్రీస్తుయొక్క నీతిబోధలను అద్భుతకథలనుండి వేఱుపఱిచి ప్రకటించిరి. కేశవచంద్రసేనులవారు 1880వ సంవత్సరమున సాధుసమాగమమను పేరిట మోషే, సోక్రటీసు, శాక్యముని, క్రీస్తు, మహమ్మదు, చైతన్యుఁడు మొదలగు మహనీయులను మనస్సునందు దర్శించు సాధనము నేర్పఱిచిరి. ఆ మార్గము ననుసరించియే ఈ పాఠమునందు క్రైస్తవసంఘముయొక్క తొలికాలమున ధర్మార్థమై ప్రాణము విడిచిన పోలికార్పను వృద్ధుని చరిత్రమును విచారింతము.

ఈ చరిత్రమునందు మనకు రెండు ప్రశ్నలు కలవు. చిటికెడు ధూపమును ఒక్క మాటయు చాలియుండఁగా ఒక వృద్ధుఁ డేల ప్రాణము నిచ్చెను? అట్టివాఁడు చనిపోయిన తరువాత ఆతని ప్రేమించినవారు ఆతనికిఁ జేయఁదగిన గౌరవమెట్టిది? ఈ రెండును ప్రాచీనప్రశ్నలని తలఁపవలదు. మన గృహములలో నివి ప్రతిసంవత్సరమును మనకెదురగుచునేయున్నవి.

1. దేశకాలములు

స్మిర్నా యనునది ఏజియను సముద్రతీరమందలి గొప్ప రేవుపట్టణము. నేఁడది టర్కీదేశములో ఇజ్మీరను పేరఁ బరఁగుచున్నది. ఆ కాలమునం దది రోమక సామ్రాజ్యములోని ఆసియా రాష్ట్రమునకుఁ జేరియుండెను. రోమకప్రభుత్వమునెడ భక్తిఁ జూపుటయందు ఆ పురమువారికి మిక్కిలి యభిమానము. రోమా నగరమునే దేవతగాఁ జేసి పూజించు ఆలయమును వారు క్రీస్తుపూర్వమందే కట్టిరి. తిబెరియసు చక్రవర్తికి గుడి కట్టు గౌరవమునకై పదునొకండు పట్టణములు పోటీపడఁగా, క్రీ.శ. 26వ సంవత్సరమున ఆ గౌరవము స్మిర్నాకే లభించెను. కావున కైసరుయొక్క విగ్రహమునకు ధూపము వేయుట అచటఁ గేవలము మతకర్మ గాదు. అది రాజభక్తికి గుఱుతు, పౌరధర్మము, మర్యాద.

ఈ ధూపముతో నిమిత్తము లేక బ్రదుకుటకు వీలులేని స్థితి క్రైస్తవులకుఁ గలిగెను. సుమారు 112వ సంవత్సరమున ప్లినీ యను అధికారి ట్రాజను చక్రవర్తికి వ్రాసిన లేఖ నేఁటికిని నిలిచియున్నది. తనయొద్దకుఁ దేఁబడినవారు చక్రవర్తి ప్రతిమకు ధూపమును ద్రాక్షారసమును సమర్పించి క్రీస్తును దూషించినయెడల విడిచిపెట్టితినని యాతఁడు తెలిపెను. వెదకి పట్టుకొనవలదనియు, నేరము మోపఁబడి పట్టువిడువనివారిని మాత్రము శిక్షింపవలయుననియు, దేవతలను పూజించి తాము క్రైస్తవులము గామని చూపినవారిని క్షమింపవలయుననియు చక్రవర్తి ప్రత్యుత్తర మిచ్చెను. పాఠకులారా, ఈ న్యాయమును జాగ్రత్తగాఁ జూడుఁడు. దొంగ తాను దొంగను గానన్నంతమాత్రమున విడువఁబడఁడు. ఇచటనో కాదన్నవాఁడు విడువఁబడును, ఔనన్నవాఁడు చంపఁబడును. రాజ్యము కోరినది నేరనివృత్తి గాదు, మాట మార్చుటయే.

2. పోలికార్పు జీవితము

పోలికార్పు స్మిర్నాలోని క్రైస్తవసంఘమునకు బిషప్పు, అనఁగా అధ్యక్షుఁడు. అంతియొకయ పట్టణపు అధ్యక్షుఁడైన ఇగ్నాతియసు బందీగా రోమునకుఁ గొనిపోఁబడుచు త్రోవలో స్మిర్నాయందు నిలిచెను. ముందుకుఁ బోయినపిదప త్రోయా పట్టణమునుండి పోలికార్పునకు లేఖ వ్రాసెను. పోలికార్పు ఫిలిప్పీ పట్టణపువారికి వ్రాసిన లేఖయు నేఁటికి దొరకుచున్నది. తరువాతికాలమున గాలుదేశములోని లియాను పట్టణమున అధ్యక్షుఁడైన ఐరీనియసు తన బాల్యమున నీతని బోధ వినినవాఁడు. ఆ వృద్ధుఁడు కూర్చుండి మాటలాడిన చోటును, ఆతని నడకయు రూపమును, క్రీస్తును జూచినవారితోడి తన సహవాసమును గూర్చి యాతఁడు చెప్పినదియు, ఇటీవలి సంగతులకంటె స్పష్టముగా జ్ఞాపకమున్నవని ఐరీనియసు వ్రాసెను. గురుముఖమున వినినది శిష్యుని హృదయమునం దెంతకాలము నిలుచునో దీనివలనఁ దెలియును.

పోలికార్పు చరిత్రమునందు మఱియొక సంగతి మిగుల గమనింపఁదగినది. మరణమునకుఁ గొంచెము పూర్వ మాతఁడు రోమునకుఁ బోయెను. అచటి యధ్యక్షుఁడు అనికేటసు. క్రీస్తు పునరుత్థానమునకు సంబంధించిన పండుగ నే దినమున జరుపవలయునను విషయమున ఆసియావారి యాచారము వేఱు, రోమువారి యాచారము వేఱు. మన దేశమునఁ దిథినిర్ణయమునుగూర్చి కలుగు వివాదముల నెఱిఁగినవారికి దీని తీవ్రత సులభముగా బోధపడును. ఇద్దఱును జర్చించిరి; ఒకరి నొకరు ఒప్పింపలేకపోయిరి. అయినను వారు విరోధింపలేదు. అనికేటసు గౌరవార్థమై తన సంఘమునందే ప్రభురాత్రిభోజనకర్మను పోలికార్పుచేత జరిపించెను. ఇద్దఱును సమాధానముతో విడిపోయిరి. తిథివిషయమున ఇంత సహనము చూపిన వృద్ధుఁడే, తరువాత ఒక్క మాటవిషయమున అగ్నిప్రవేశమున కొడంబడెను. ఏది చిన్నదో యేది పెద్దదో యెఱుఁగుటయే వివేకము. చిన్నదానికిఁ బ్రాణమిచ్చువాఁడు మొండి. పెద్దదానిని విడుచువాఁడు పిఱికి.

3. పరీక్ష

ఆతని మరణవృత్తాంతమును స్మిర్నా సంఘమువారే ఫిలొమేలియమను పట్టణపు సంఘమునకు లేఖగా వ్రాసి పంపిరి. హతసాక్షుల చరిత్రములలో ఇంత ప్రాచీనమైనవి మిక్కిలి యరుదు. గ్రీకుభాషలో మార్టిసను పదమునకు సాక్షి యని యర్థము. న్యాయస్థానమునఁ జూచినది చూచినట్లు చెప్పువాఁడే సాక్షి. ఆ పదము సత్యమునకై ప్రాణమిచ్చినవాఁడను నర్థమునఁ బ్రయోగింపఁబడుట ఈ లేఖయందు స్పష్టముగాఁ గానవచ్చుచున్నది. తెలుఁగు క్రైస్తవులు దానిని హతసాక్షి యనిరి. సంవత్సరము 155 లేక 156 అని పలువురు పండితులు నిర్ణయింతురు. కొందఱు దానిని తరువాతి దశకమునకుఁ జేర్తురు.

పురమునఁ బ్రజలు క్రైస్తవులపైఁ గోపించిరి. జర్మానికసను యువకుఁడు క్రీడారంగమున మృగములకు వెఱవక నిలిచి మరణించెను. దానిని జూచి జనులు నాస్తికులను తొలఁగింపుఁడనియు, పోలికార్పును వెదకుఁడనియుఁ గేకలు వేసిరి. నాస్తికులను నామము క్రైస్తవులకేల వచ్చెను? వారికి విగ్రహములు లేవు, బలులు లేవు, పురదేవతల యుత్సవములలోఁ బాలు లేదు. కంటి కగపడు దేవుఁడు లేనివానికి దేవుఁడే లేఁడని సామాన్యజనుల తలంపు. నిరాకారోపాసకులకు ఈ నింద క్రొత్తది గాదు.

అప్పుడే క్వింటసను వేఱొకఁడు తనంతట తాను ముందునకు వచ్చి యధికారుల కప్పగించుకొని, ఇతరులనుగూడఁ బ్రేరేపించెను. మృగములను జూచినతోడనే వాని ధైర్యము సన్నగిల్లెను. కైసరుపై నొట్టుపెట్టుకొని ధూపము వేసెను. కావునఁ దామై మరణమును గోరిపోవువారిని మేము పొగడమని లేఖకులు స్పష్టముగా వ్రాసిరి. పోలికార్పు ఈ విధమైనవాఁడు గాఁడు. మిత్రులు వేడుకొనఁగా నాతఁడు పురమువెలుపల నొక పొలముననున్న యింటికిఁ బోయి, రాత్రింబగళ్లు సర్వజనులకొఱకును బ్రార్థించుచుండెను. అచటనుండి మఱియొక చోటికిని మాఱెను. ఇద్దఱు బానిసబాలురు పట్టువడిరి. వారిలో నొకఁడు హింసకుఁ దాళలేక చోటు చెప్పెను. ఒక శుక్రవారము సాయంకాలమున బంటులు ఆయుధములు ధరించి, బందిపోటును బట్టుకొనఁబోవువారివలె వచ్చిరి. ఇంకను దప్పించుకొనుట కవకాశమున్నను ఆతఁ డంగీకరింపక, దైవసంకల్పము నెఱవేఱుఁగాక యని మేడనుండి దిగివచ్చెను. వచ్చినవారికి భోజనము పెట్టించి, ప్రార్థనకై యొక గంటకాల మడిగి, రెండు గంటలకాలము నిలువుననే ప్రార్థించెను. ఇట్టి వృద్ధునిఁ బట్టుకొనవచ్చితిమే యని వచ్చినవారిలోనే పలువురు పశ్చాత్తాపపడిరి.

త్రోవలో నగరరక్షకాధికారియైన హెరోదును, ఆతని తండ్రి నికేతసును ఎదురువచ్చి యాతని తమ బండిలో నెక్కించుకొనిరి. వారు దుర్భాషలాడలేదు. ప్రక్కనఁ గూర్చుండి మెల్లగా బుద్ధి చెప్పిరి. కైసరు ప్రభువని యొక్కమాట పలికి, ధూపము వేసి, ప్రాణమును దక్కించుకొనినచో నేమి హాని యని యడిగిరి. ఈ చరిత్రమంతయు ఈ ప్రశ్నచుట్టునే తిరుగుచున్నది. సింహములు క్రీడారంగమునందున్నవి, శోధనము బండిలో మెత్తని యాసనముపైఁ గూర్చుండి బంధువువలె మాటలాడినది. పోలికార్పు మొదట ఊరకుండెను. పిమ్మట మీ సలహా చొప్పునఁ జేయనని చెప్పెను. అంతట వారా వృద్ధుని బండినుండి త్రోసివేసిరి. ఆతని మోకాలి క్రింది యెముకకు దెబ్బ తగిలెను. ఆతఁడు వెనుకకుఁ జూడక నడిచిపోయెను.

రాష్ట్రాధిపతి పేరు స్టాషియసు క్వాడ్రాటసు. ఆతఁడు క్రూరుఁడని చెప్పుటకు వీలులేదు. నీ వార్ధకమును జూచుకొమ్మనెను. కైసరుపేర నొట్టుపెట్టుకొని, నాస్తికులు తొలఁగుదురుగాక యని పలుకుమనెను. పోలికార్పు క్రీడారంగమున నిండియున్న గుంపును గంభీరముగాఁ జూచి, వారివైపు చేయి చూపి, నిట్టూర్చి, ఆకాశమువంకఁ గన్నులెత్తి ఆ మాటనే పలికెను. నాస్తికుఁడెవఁడను ప్రశ్న కాతఁ డిచ్చిన యుత్తరమిదియే. పిమ్మట క్రీస్తును దూషింపుమని యధిపతి యడుగఁగా, తానెనుబదియాఱు సంవత్సరములు సేవించిన ప్రభువు తనకెన్నఁడును కీడు చేయలేదనియు, రక్షించిన రాజును తానెట్లు దూషింపఁగలననియు బదులు చెప్పెను. ఇందు శాస్త్రవాదము లేదు. ఇది కృతజ్ఞతయొక్క తర్కము. మృగములచేఁ జంపింతుననఁగా జంకలేదు. కాల్పింతుననఁగా, ఒక గడియ కాలి చల్లారు నగ్నితో బెదరింపవలదనెను.

పోలికార్పు తాను క్రైస్తవుఁడనని యొప్పుకొనెనని చాటింపువాఁడు మూఁడుమాఱులు చాటెను. జనులు సింహమును విడువుమని యుత్సవాధికారియైన ఫిలిప్పు నడిగిరి. మృగక్రీడలు ముగిసినవని యాతఁడు నిరాకరించెను. అంతట కార్ఖానాలనుండియు స్నానశాలలనుండియుఁ గట్టెలు తెచ్చి చితి పేర్చిరి. మేకులతోఁ గొట్టఁబోఁగా, ఓర్చుకొను శక్తి నిచ్చువాఁడే కదలక నిలుచు శక్తినిగూడ నిచ్చునని యాతఁడు వారించెను. వారు త్రాళ్లతో మాత్రము కట్టిరి. ఆతఁడు దేవునికిఁ గృతజ్ఞతాస్తుతి చేసి ముగించినపిమ్మట నిప్పంటించిరి.

4. లేఖయందలి యద్భుతములును దోషమును

మంట గాలితో నిండిన తెరచాపవలె నాతనిచుట్టు నిలిచెననియు, శరీరము కాలుచున్న రొట్టెవలెను పుటములోని బంగారువలెను గానవచ్చెననియు, పరిమళము వచ్చెననియు, కత్తితోఁ బొడువఁగా రక్తము ప్రవహించి మంట నార్పెననియు లేఖ చెప్పుచున్నది. గాయమునుండి పావురము వెడలెనని ప్రతులలో నున్నది. నాలుగవ శతాబ్దమున ఆ లేఖ నుదాహరించిన యూసీబియసు గ్రంథమున నా పావురము లేదు. కథ చేతులు మాఱిన కొలఁది ఱెక్కలు వచ్చుటకు ఇంతకంటె నిదర్శనమేల? వీనిని నమ్మవలయునని మనకు నిర్బంధము లేదు. పరిహసింపవలసిన పనియు లేదు. పావురము నెగురఁగొట్టినను వృద్ధుఁడు చితిపై నిలిచియే యున్నాఁడు. ఆతని ధైర్యమున కద్భుతము సాక్ష్య మక్కఱలేదు.

మఱియొక సంగతియుఁ జెప్పవలయును. చితికిఁ గట్టెలు తెచ్చుటలో యూదులు ముందుండిరని లేఖకులు ద్వేషముతో వ్రాసిరి. బాధపడినవారి కలమునందుఁగూడ పరమతద్వేషము చోటుచేసికొనుట యిందుఁ జూడవచ్చును. తరువాతి శతాబ్దములలో క్రైస్తవులకు రాజ్యాధికారము రాఁగా, ఇట్టి ద్వేషము యూదులకుఁ జేసిన కీడు లోకవిదితము. కావున సాధుచరిత్రమును జదువునపుడు సాధువును గ్రహింపవలయును. చరిత్రకారుని ద్వేషమును విడువవలయును.

5. అస్థికలు, వార్షికస్మరణము

పోలికార్పు చనిపోయినపిదప నికేతసు అధిపతియొద్ద నొక మనవి చేసెను. శరీరము నిచ్చినచో క్రైస్తవులు సిలువవేయఁబడినవానిని విడిచి యీతనిఁ బూజింప నారంభింతురేమో యని యాతని వాదము. దీనికి లేఖకులు వ్రాసిన సమాధానము మతచరిత్రమున నమూల్యమైనది. తాము క్రీస్తును మాత్రమే పూజింతుమనియు, హతసాక్షులను ప్రభువునకు శిష్యులనియు ననుసరించినవారనియుఁ బ్రేమింతుమనియు వారు వ్రాసిరి. పూజ వేఱు, ప్రేమ వేఱు. క్రీస్తును దైవముగా నెంచుటయందు మనము వారితో నేకీభవింపకున్నను, వారు గీచిన గీఁత మాత్రము సరియైనదే.

శతాధిపతి శరీరమును గాల్పించెను. తరువాత క్రైస్తవులు మిగిలిన యస్థికలను, రత్నములకంటెను బంగారుకంటెను విలువగలవానినిగా నెంచి, తగినచోట నుంచిరి. ఏఁటేఁట నచటఁ గూడి యాతని జన్మదినమును జరుపుకొందుమనిరి. ఆతఁడు మరణించిన దినమునే వారు జన్మదినమని పిలిచిరి. ఆ కూటమునకు రెండు ప్రయోజనములు చెప్పిరి: గతించిన వీరుల జ్ఞాపకము, ఇఁకముందు పరీక్షింపఁబడువారికి శిక్షణము. వరము లడుగుట యందు లేదు, రోగనివారణము లేదు. ఆ దినము ఫిబ్రవరి 23. ప్రాచ్యసంఘము లా దినముననే యాతనిని స్మరించును. రోమనుకాథొలిక్కులు జనవరి 26న స్మరించుచుండి, 1969వ సంవత్సరపు పంచాంగసంస్కారమున ఫిబ్రవరి 23నకు మార్చుకొనిరి. ఇజ్మీరులో నేఁటికిని ఆతని పేరిట దేవాలయమున్నది.

కాని గీఁత నిలువలేదు. కాలక్రమమున హతసాక్షుల యస్థికలు ఊరూరఁ బంచఁబడెను. అవి రోగములను మాన్పునని నమ్మకము ప్రబలెను. 787వ సంవత్సరమున నైసియా నగరమునఁ గూడిన మహాసభ, విగ్రహములకు గౌరవమే కాని దైవమునకుఁ దగిన యారాధనము చెల్లదని శాస్త్రము చేసెను. ఆ సభయే సాధువుల యవశేషములు లేక దేవాలయములను ప్రతిష్ఠింపరాదనియు విధించెను. 1543వ సంవత్సరమున కాల్విను అవశేషములను ఖండించుచు గ్రంథము వ్రాసెను. 1563వ సంవత్సరమున ట్రెంటు మహాసభ యా గౌరవమును సమర్థించుచునే, దానితోఁ జేరిన మూఢాచారములను దొలఁగింప నాజ్ఞాపించెను. గౌరవమునకును ఆరాధనమునకును గల భేదము పండితుల గ్రంథములలో సులభముగా నిలుచును. మ్రొక్కుబడులతో వచ్చు దుఃఖితుని మనస్సులో నిలుచుట కష్టము. ఇట్టి జాఱుడు ఒక్క మతమునకే చెల్లినది గాదు. గురువు సమాధియగుటయు, సమాధి గుడియగుటయు మన దేశమునను గన్నులార చూచినదే.

6. స్మరణము ఫలించిన దినము

అట్లయిన స్మరణమునే విడువవలయునా? స్మిర్నా చరిత్రమే యుత్తర మిచ్చుచున్నది. పోలికార్పు మరణించి సుమారు నూఱేండ్లు గడచెను. 250వ సంవత్సరమున డీసియసు చక్రవర్తి యెల్లరును దేవతలకు బలి సమర్పింపవలయునని శాసించెను. అప్పుడు స్మిర్నాలో పోలికార్పు పీఠమున నున్న యధ్యక్షుఁడు యూక్టెమోను. ఆతఁడు బలి యిచ్చి తప్పించుకొనెను. కాని యా సంఘముననే పియోనియసను నొక పెద్ద యుండెను. పోలికార్పు స్మారకదినమునకు ముందునాఁ డాతఁడు తనవారితో నుపవాసమునందుండి, తాను పట్టువడుదునని ముందుగా నెఱిఁగి, తానును, సబీనా యను స్త్రీయు, అస్క్లెపియాడెసును గొలుసులు మెడలో వేసికొనిరి. తాము బలి యిచ్చుటకుఁ బోవుచున్నామని వీథిలోనివారు భ్రమపడకుండుటకై యట్లు చేసిరఁట. ఆ స్మారకదినముననే వారు పట్టువడిరి. పియోనియసు లొంగక యగ్నియందే మరణించెను.

పీఠము వారసత్వముగా వచ్చినవాఁడు జాఱెను. స్మరణము వారసత్వముగా వచ్చినవాఁడు నిలిచెను. పోలికార్పు నస్థికలు యూక్టెమోనును గాపాడలేదు. పోలికార్పు నడత పియోనియసును నిలువఁబెట్టెను. స్మరణముయొక్క ఫలమిట్టిది.

7. మన కర్తవ్యము

బ్రాహ్మసమాజమందిరమునకై 1830వ సంవత్సరమున వ్రాయఁబడిన ధర్మకర్తృత్వపత్రము ఆ మందిరమున నేవిధమైన విగ్రహమును నుంచరాదని విధించినది. ఇతరులు పూజించు వస్తువును దూషింపరాదనియు విధించినది. ఈ రెండు విధులును గలిసియే ధర్మమగును. కావున మనము సాధువుల నారాధింపము. సాధువుల నారాధించువారిని హేళన చేయము. బ్రిస్టలునగరమున 1833వ సంవత్సరము సెప్టెంబరు 27న గతించిన రామమోహనరాయలవారిని ఏఁటేఁట స్మరింతుము. ఆ స్మరణము పుష్పమాలతో ముగిసినయెడల మనమును అస్థికలనే పూజించినవారమగుదుము.

నికేతసు బండిలో నడిగిన ప్రశ్న మనల నడుగువారు శత్రువులు గారు. తల్లి యడుగును, మేనమామ యడుగును, కులపెద్ద యడుగును. నమ్మకము మనస్సులో నుంచుకొని, అందఱి తృప్తికై యొక్కమాఱు కర్మ జరిపినచో నేమి హాని యని వారు కన్నీళ్లతో నడుగుదురు. 1846వ సంవత్సరమున ద్వారకానాథ ఠాకూరుగారు లండనులో గతింపఁగా, ఆయన జ్యేష్ఠపుత్రులైన దేవేంద్రనాథులవారిని బంధువు లిట్లే యడిగిరి. వారు విగ్రహసహితమైన శ్రాద్ధమును జరుపక, నిరాకారబ్రహ్మమును బ్రార్థించిరి. బంధువులలోఁ బలువురు దూరమైరి. అచట సింహము లేదు, చితి లేదు. అయినను ప్రశ్న యదియే, యుత్తరమును నదియే.

ఇందు మూఁడు జాగ్రత్తలు వలయును. క్వింటసువలె గొప్పకై కలహమును వెదకికొని పోరాదు. తిథులు, భోజనక్రమములు మొదలగు చిన్నవిషయములలో పోలికార్పును అనికేటసునువలె సహింపవలయును. పట్టుకొనవచ్చినవారికి భోజనము పెట్టిన చేతిని మఱువక, మనల నడ్డగించువారియెడఁగూడ మృదువుగా నుండవలయును. ఈ మూఁడును బాటించినపిదప, అంతరాత్మ కాదన్నదానిని నోటితో ఔననుమని యెవరైన నడిగిన దినమున, వేయేల, ఒక్క మాట చాలును: చేయను.

సంగతసభలో విచారింపవలసిన ప్రశ్నలు

1. పోలికార్పు మొదట దాఁగియుండుటయు, తరువాతఁ దప్పించుకొన నిరాకరించుటయు పరస్పరవిరుద్ధములా?

2. ఇంటి పెద్దల మనస్సు నొప్పింపకుండుటయు, సత్యమును దప్పకుండుటయు నొక్కమాఱు పొసఁగనపుడు, మన మింతవఱకు దేనిని విడిచితిమి?

3. మనము జరుపు వార్షికస్మరణములలో, ఇఁకముందు పరీక్షింపఁబడఁబోవు బిడ్డలకు శిక్షణ మగునది యేది?